కుట్టని కొలత

నాలుగేళ్ళలో టైలరుగారి భార్య మనశ్శాంతి కోసం మూడు చోట్లకు తిరిగింది.

మొదటిది పార్కులో పొద్దున్నే జరిగే ఊపిరి వ్యాయామం. పాతికమంది గడ్డిలో కూర్చుని, ముక్కు ఒకవైపు మూసి రెండోవైపు గాలి పీల్చేవారు. చివర్లో అందరూ చేతులు పైకెత్తి పెద్దగా నవ్వాలి. ఆ నవ్వే సమయానికి ఆమె లేచి చెప్పులు వెతుక్కునేది. రెండోచోట ఒకాయన బోర్డు మీద బాణం గుర్తులు గీసి, సంతోషం కూడా పళ్ళు తోముకోవడంలాంటి అలవాటేనని చెప్పాడు. ఆమె ఆ బొమ్మంతా బుద్ధిగా పుస్తకంలో ఎక్కించుకుంది. ఇంటికొచ్చి చూసుకుంటే ఏ బాణం ఎటు పోతోందో ఒక్క ముక్క అర్థం కాలేదు.

మూడోది ధ్యానం క్లాసు. మందుల షాపు పైనున్న హాల్లో, వారానికి మూడు రోజులు, మధ్యాహ్నం మూడింటి నుంచి ఐదింటిదాకా. బస్సులో ఒంటికాలి మీద నిలబడి, పక్కవాళ్ళ మోచేతులు తింటూ ప్రశాంతత నేర్చుకోవడానికి వెళ్ళేది. క్లాసు చెప్పే మేడమ్ బ్యాంకులో చేసి రిటైరైన పెద్దావిడ. మంచి మనిషి. "కళ్ళు మూసుకోండి. ఆలోచన వస్తే రానివ్వండి. పోతే పోనివ్వండి," అనేది మెత్తగా. టైలరు భార్య కళ్ళు మూసుకునేది. ఆమెకు వచ్చే ఆలోచన ఒక్కటే. అది రావడమే తప్ప పోవడం ఎరగదు.

ఐదుంబావుకి ఇంటికొచ్చేసరికి ముందుగదిలో మిషను టకటకా నడుస్తూ ఉండేది. మెడలో టేపు, చెవి మీద పెన్సిలు, సూది కింద గుడ్డ. తను వెళ్ళేటప్పుడు ఎలా కూర్చున్నాడో అలాగే ఉండేవాడు భర్త. తల ఎత్తకుండానే "వచ్చావా?" అనేవాడు. "ఆఁ," అనేది. అంతే. పొద్దుపోయేదాకా ఇక మాటలుండేవి కావు.

ఆ మనిషిని చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. తను ఊరంతా తిరిగి వెతుక్కుంటున్నది అతనికి కూర్చున్నచోటే ఎలా దొరికింది? కన్నకూతురు పోతే పదిహేనో రోజున మిషను మీద కూర్చున్నాడు. ఒక్క పూట నాగా పెట్టలేదు. ఒక్కసారి గొంతెత్తి ఏడవలేదు. 'రాయి,' అనుకునేది మనసులో. 'నాకు దొరికింది మనిషి కాదు, రాయి.'

వాళ్ళ ఇల్లు రెండు గదులు. ముందుగదే షాపు. అతను కత్తిరించి కుట్టేవాడు, ఆమె కాజాలు తీసి గుండీలు వేసేది. గుండీలకు కంతలు ఎవరైనా చేస్తారు. ఆమె చేసిన కాజా మాత్రం చొక్కా చిరిగి పీలికలైనా చెక్కుచెదిరేది కాదు. "ఇది మా ఆవిడ చెయ్యి," అని అతను కొత్తవాళ్ళకు పనిగట్టుకుని చూపించేవాడు.

కత్తిరింపు బల్ల కింద వాళ్ళ అమ్మాయి ఆడుకునేది. పుట్టినప్పుడు గుండ్రంగా, చిన్నగా ఉందని తండ్రి 'గుండీ' అన్నాడు. అదే ఖాయమైపోయింది. బళ్ళో పేరు బళ్ళోనే ఉండిపోయింది. గుండీ బల్ల కింద పడ్డ ముక్కలన్నీ ఏరి బొమ్మకు కోట్లు కుట్టేది. తండ్రిలాగే చెవి మీద పెన్సిలు పెట్టుకుని, "రేపు రండి, ఇవాళ అవ్వదు," అని బొమ్మను గదమాయించేది.

తొమ్మిదో ఏడు నిండిన నెలలోనే జ్వరం వచ్చింది. బళ్ళు తెరిచే రోజులు. ఇంట్లో కాలు పెట్టే చోటు లేకుండా యూనిఫారాల గుడ్డ. పిల్లలకు జ్వరాలు మామూలే కదా అని మాత్ర వేశారు. రెండోరోజు మధ్యాహ్నం వెనకగదిలోంచి, "అమ్మా, ఒకసారి రావా?" అని పిలిచింది. "ఈ నాలుగు కాజాలు అయ్యాక వస్తానమ్మా," అంది ఆమె. నాలుగూ అయ్యాక వెళ్ళి చూస్తే పిల్ల నిద్రపోతోంది. నిద్ర పట్టింది, మంచిదే అనుకుంది. సాయంత్రానికి లేపితే లేవలేదు. ఆస్పత్రిలో తెల్లారేదాకా ఉంది. అంతే ఉంది.

ఆ తర్వాత ఆమె సూది ముట్టుకోలేదు. అతనూ ముట్టుకోమనలేదు. కాజాలు ఎవరిచేతో చేయించుకుంటున్నాడని తెలుసు కానీ, ఎవరిచేతో అడగలేదు.

* * *

నాలుగో ఏడు, మళ్ళీ బళ్ళు తెరిచే రోజుల్లోనే, ఒకనాడు క్లాసుకు వెళ్తే హాలు మెట్ల మీదనుంచి నీళ్ళు కారుతున్నాయి. పైపు పగిలిందట. మేడమ్ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, చేతిలో చీపురుతో, "ఇవాళ ఇదే మన ధ్యానం, మీరు వెళ్ళిపొండమ్మా," అంది నవ్వుతూ. టైలరు భార్య తిరుగు బస్సెక్కింది.

మూడున్నరకు ఇల్లు చేరింది. మిషను చప్పుడు లేదు. షాపు తలుపు దగ్గరగా వేసి ఉంది. ముందుగదిలో భర్త లేడు, వెనకగదిలోనూ లేడు. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. ఏ దారానికో, గుండీలకో వెళ్ళి ఉంటాడనుకుని చెప్పులు విప్పబోతుంటే, గుమ్మంలో ఒకావిడ నిలబడి దగ్గింది. పక్కన రెండు జడల పిల్ల.

"అక్కా, ఆయన లేరా?"

"బయటికెళ్ళారు. వచ్చేస్తారు. కొలతలకా?"

"కొలతలకే. కానీ మీ ఆయనకి మా మీద కోపమేంటో కాస్త అడిగి చెప్పండక్కా." మొహం ముడుచుకునే ఉంది. "మా పెద్దదానికి మొన్ననే కుట్టిచ్చారు. ఎంత బాగా కుట్టారో! ఈ చిన్నదాన్ని తీసుకొస్తే మాత్రం కొలతలు తియ్యనన్నారు. వెనకవీధి టైలరు దగ్గరికి వెళ్ళమన్నారు. ఎందుకండీ అంటే, ఈ సైజు మా దగ్గర కుట్టం అన్నారు. సైజేంటక్కా, గుడ్డ నేనేగా తెచ్చేది?"

టైలరు భార్య పిల్లను చూసింది. భుజాలు, మెడ, నడుము. టేపు అక్కర్లేదు, ఆ కొలత ఆమెకు కంఠతా వచ్చు. ఛాతీ ఇరవై ఆరు.

"నీకెన్నేళ్ళమ్మా?"

"తొమ్మిది," అంది పిల్ల. "మొన్ననే వచ్చాయి."

 "వారం ఆగి రండి," అంది ఆమె. వాళ్ళు వెళ్ళాక బల్ల మీదున్న కొలతల పుస్తకం తెరిచింది. నాలుగేళ్ళుగా తను చూడని పుస్తకం. ఇరవై రెండులున్నాయి, ఇరవై నాలుగులున్నాయి. ఇరవై ఎనిమిదులు, ముప్పైలు, పెద్దవాళ్ళ ముప్పై ఎనిమిదులు కూడా ఉన్నాయి. పేజీ తరవాత పేజీ తిప్పింది. ఆడపిల్లల ఇరవై ఆరు ఒక్కటీ లేదు.

విప్పబోయిన చెప్పులతోనే వెనకవీధికి నడిచింది.

వెనకవీధి టైలరును అందరూ కోటుతాత అంటారు. ఒకప్పుడు పెళ్ళికొడుకుల కోట్లు కుట్టేవాడు. ఇప్పుడు కోట్లు రెడీమేడ్ అయిపోయి, పేరు మిగిలింది. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. దొంగతనం బయటపడ్డవాడిలా వెనక్కి ఒక చూపు చూశాడు.

"ఇరవై ఆరు సైజులన్నీ మీ దగ్గరికే పంపుతున్నారట కదా, బాబాయ్," అంది ఆమె.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచాడు. "నాలుగేళ్ళ నుంచీ అంతేనమ్మా. మొదటేడు ఒకటి కత్తిరించబోయాడట. కత్తెర పెట్టాక చెయ్యి కదల్లేదట. గుడ్డ మొత్తం మోసుకుని నా దగ్గరికొచ్చాడు. 'అన్నా, ఈ ఒక్కటి నువ్వు కానియ్యి,' అన్నాడు. ఆ ఒక్కటీ అలా ఏటా..."

"ఇప్పుడెక్కడున్నారు?"

కోటుతాత తెర పక్కకు జరిపాడు.

వెనక చిన్నగది. ఒక బల్బు, ఇస్త్రీ బల్ల, దారపు ముక్కల గుట్ట. ముక్కాలిపీట మీద కూర్చుని ఆమె భర్త పాత ప్యాంటు కుట్లు బ్లేడుతో విప్పుతున్నాడు. కూలి లేని పని. ఎవరూ అడగని పని.

"నువ్వు క్లాసుకు వెళ్ళిన రోజుల్లో ఇక్కడికే వస్తాడు," అన్నాడు కోటుతాత గొంతు తగ్గించి. "ఆ ఇంట్లో ఒక్కణ్ణే కూర్చోలేనన్నా అంటాడు. నువ్వుంటే వెనకగదిలో గిన్నె చప్పుడన్నా వినబడుతుందట. నువ్వు వెళ్ళగానే తలుపేసుకుని వచ్చేస్తాడు. పావుతక్కువ ఐదుకి లేచి పరిగెత్తుతాడు, నువ్వొచ్చే వేళయిందని."

భర్త తల ఎత్తి చూశాడు. చేతిలో బ్లేడు అలాగే ఉంది.

"క్లాసు లేదా?" అన్నాడు.

"లేదు. పైపు పగిలింది."

"ఓహో," అన్నాడు.

 అతను లేచి మోకాళ్ళ మీది దారప్పోగులు దులుపుకున్నాడు. కోటుతాత నీళ్ళు ఇవ్వబోతే వద్దంది. ఇద్దరూ వీధిలోకి వచ్చారు. నాలుగేళ్ళలో పక్కపక్కన నడవడం అదే మొదలు. 

* * *

ఇంట్లోకి వచ్చాక ఆమె బల్ల దగ్గర కూలబడింది. అతను మిషను మీది గుడ్డ తియ్యకుండా దాని పక్కనే నిలబడ్డాడు.

"మీరు రాయనుకున్నానండీ," అంది. "ఇన్నాళ్ళూ అదే అనుకున్నాను."

"అనుకో. అనుకోవాల్సిందే." అతను మిషను చక్రం మీద చెయ్యి వేసి, తిప్పకుండా అలాగే ఉంచాడు. "నువ్వు ఎప్పుడు అంటావా అని చూస్తున్నా. ఇంకా అనలేదు."

"ఏమని?"

"ఆ మాట. రెండోరోజు పొద్దున నువ్వు అడిగావుగా, డాక్టరుకి చూపిద్దామా అని. నేనేగా సాయంత్రం వెళ్దాంలే, ముందీ బడి బట్టలు పూర్తి కానియ్యి అన్నది. నా నోటితో నేనే అన్నాను." అతను చక్రం మీంచి చెయ్యి తీశాడు. "పొద్దున తీసుకెళ్ళుంటే బతికేది. నీకూ తెలుసు. నువ్వు తిట్టకుండా, అరవకుండా, నా మొహం చూడకుండా ఆ క్లాసులకు పోతుంటే... నన్ను చూడలేకే పోతోందనుకున్నా. పోనీ, ఎక్కడో ఒకచోట నువ్వన్నా హాయిగా ఉంటే చాలనుకున్నా."

 ఆ మాట ఆమెకు గుర్తులేదు. ఆ రెండోరోజును లక్షసార్లు తిరగేసి ఉంటుంది. ఎన్నిసార్లు తిరగేసినా అందులో ఒక్క గొంతే ఉండేది, తనది.

"నన్ను పిలిచిందండీ," అంది. "మధ్యాహ్నం. అమ్మా, ఒకసారి రావా అంది. నేను నాలుగు కాజాలు అయ్యాక వస్తానన్నాను."

"ఎప్పుడు?"

"మీరిక్కడే ఉన్నారు. మిషను మీద."

"నాకు వినబడలేదు," అన్నాడు అతను. మళ్ళీ అన్నాడు, "మిషను చప్పుడులో నాకు వినబడలేదు."

అతను గోడకానుకుని కిందికి జారి కూర్చున్నాడు. మెడలో టేపు రెండు చివర్లూ రెండు చేతులతో పట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె లేచి దగ్గరికి వెళ్ళలేకపోయింది. కూర్చున్నచోటే కూర్చుని తనూ ఏడ్చింది. రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. ఎవరో తలుపు తట్టి, జవాబు లేక వెళ్ళిపోయారు.

మనసులో మాటలు చెప్పుకున్నాక గుండె తేలికపడుతుందంటారు. ఆమెకు పడలేదు. మర్నాటి నుంచీ ఆమెకు అతని మాట గుర్తు రావడం మొదలైంది. అవును, అన్నాడు. దారం పంటితో కొరుకుతూ అన్నాడు. సాయంత్రం వెళ్దాంలే అని. ఇన్నాళ్ళూ తనొక్కతే మోసిన తప్పులో సగం అతనిదని తెలిసేసరికి, ఆ సగం కోపమై కూర్చుంది. గిన్నెలు ఎత్తి పడేసింది. అతని ఎదుట కంచం పెట్టే చప్పుడుకు పక్కింటి పిల్లి కూడా రావడం మానేసింది.

ఐదోరోజు మధ్యాహ్నం అతను మిషను ఆపాడు.

"తిట్టు," అన్నాడు.

"ఏం తిట్టను?"

"ఏదో ఒకటి. కడుపులో పెట్టుకుని గిన్నెల మీద చూపించకు. వాటికి సొట్టలు పడుతున్నాయి."

అప్పుడు తిట్టింది. అంతకుముందు ఎన్నడూ తిట్టనంతగా తిట్టింది. అతన్ని, అతని మిషనును, ఆ బడిని, బడి పెట్టినవాళ్ళను, గుడ్డ నేసినవాళ్ళను. చివరికొచ్చేసరికి తిట్లన్నీ తిరిగి తిరిగి తన మీదికే వచ్చాయి. "లేచి వెళ్తే నా సొమ్మేం పోయేది? నాలుగు కాజాలు! ఎవడో పిల్లాడి చొక్కా!" అంటూ నుదురు కొట్టుకోబోయింది. అతను వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నా వంతు వరకు తిట్టు. నిన్ను తిట్టుకోకు," అన్నాడు. చేతులు వదిలి, "అయిందా?" అని అడిగాడు.

"కాలేదు."

"సరే. మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలెట్టు."

ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆ నవ్వుకు సిగ్గేసి మళ్ళీ ఏడ్చింది.

* * *

వారం తిరిగేసరికి ఆ తల్లీ, రెండు జడల పిల్లా వచ్చారు. అతను వాళ్ళను చూడగానే ఇస్త్రీపెట్టె అందుకుని అటు తిరిగాడు. ఆమె అతని మెడలోంచి టేపు తీసుకుంది.

"పుస్తకం పట్టుకోండి," అంది. "నేను చెబుతాను, మీరు రాసుకోండి."

పిల్లను వెలుతురులో నిలబెట్టింది. భుజం మీద చెయ్యి వేసింది. ఎంత వెచ్చగా ఉంటారు పిల్లలు! ఆ సంగతే మర్చిపోయింది. చంకల కిందనుంచి టేపు తిప్పుతుంటే పిల్ల చక్కిలిగింతలకు మెలికలు తిరిగింది.

"కదలకు. ఛాతీ ఇరవై ఆరు."

వెనక పెన్సిలు చప్పుడు లేదు.

"ఛాతీ ఇరవై ఆరండీ," అంది మళ్ళీ, నెమ్మదిగా.

ఈసారి పెన్సిలు కదిలింది.

పిల్ల గదంతా చూసింది. బల్ల కిందికి వంగి చూసింది. "మీకు పిల్లల్లేరా?" అని అడిగింది. తల్లి, "నోర్ముయ్యవే!" అని కసిరింది.

"ఉండేది," అంది టైలరు భార్య. "నీ అంతే."

"ఇప్పుడేది?"

"చచ్చిపోయిందమ్మా. జ్వరమొచ్చి."

ఆ మాట ఆమె నోటితో పైకి అనడం అదే మొదటిసారి. క్లాసులో అడిగితే కూడా 'మా అమ్మాయి లేదు' అని మాత్రమే చెప్పేది. పిల్ల కాసేపు ఆలోచించింది. పిల్లలు ఆలోచించేటప్పుడు మొహం ఎంత పెద్దరికంగా పెడతారో అలా పెట్టింది. తరవాత, "నా స్కర్టుకి జేబు పెడతారా? లోతుగా," అంది.

"పెడతాం," అన్నాడు వెనకనుంచి అతను. ఆ గొంతు అతనిదేనా అన్నట్టుంది. "ఎంత లోతు?"

"పెన్సిలు మునిగేంత."

ఆ చొక్కా కత్తిరించడానికి అతనికి ఒక పూట పట్టింది. గుడ్డ మీద సుద్దతో గీసి, చెరిపి, మళ్ళీ గీశాడు. కత్తెర పెట్టే ముందు ఆమెను పిలిచి, "ఇక్కడ కూర్చో. ఊరికే కూర్చో," అన్నాడు. ఆమె కూర్చుంది. కత్తెర నడిచింది.

కాజాలు తను తీస్తానంది. సూదిలో దారం ఎక్కించడానికే పది నిమిషాలైంది, చూపు తగ్గింది. మొదటి కాజా వంకర పోయింది. విప్పేసింది. రెండోసారి దారం బిగిసి గుడ్డ ముడుచుకుంది. అదీ విప్పేసింది. మూడోసారికి వేళ్ళకు పాత దారి దొరికింది. సూది గుచ్చడం, దారం సూది కిందుగా మెలి తిప్పడం, అంచు మీద ముడి కూర్చునేలా లాగడం. ఒక్కో ముడి పక్కన ఇంకో ముడి. ఎండ గుమ్మంలోంచి బల్ల కాళ్ళదాకా వచ్చింది. అటు మిషను నడుస్తోంది, ఆగుతోంది, నడుస్తోంది.

నాలుగో కాజా పూర్తి చేసి దారం తుంచినప్పుడు గానీ ఆమెకు తట్టలేదు. ఇంతసేపూ తనకు ఏ ఆలోచనా రాలేదు. గుండీ కూడా రాలేదు. కళ్ళు మూసుకుని నాలుగేళ్ళు అడిగినా రాని ఆ నిమ్మళం, అడక్కుండానే వచ్చి కూర్చుని వెళ్ళిపోయింది. ఆమెకు మొదట భయమేసింది. పిల్లను ఎక్కడో సంతలో వదిలేసి వచ్చిన తల్లికి వేసేలాంటి భయం. చొక్కా ఒళ్ళో పెట్టుకుని గబగబా గుండీ మొహాన్ని గుర్తు తెచ్చుకుంది. మొహం వచ్చింది. జ్వరంతో ఎర్రబడ్డ మొహం కాదు. చెవి మీద పెన్సిలుతో, "రేపు రండి, ఇవాళ అవ్వదు," అంటున్న మొహం.

"ఏమైంది?" అన్నాడు భర్త మిషను ఆపి.

"ఏం లేదు. ఇంకా మూడున్నాయి," అంది కళ్ళు తుడుచుకుని.

బట్టలు తీసుకున్న పిల్ల ముందు జేబులో చెయ్యి పెట్టి చూసుకుంది. లోతు సరిపోయిందని తల ఊపి, ఇంకో మాట లేకుండా వీధిలోకి పరుగు తీసింది.

* * *

ఆ తరవాత అంతా బాగుందని చెప్పలేం. కొన్ని రోజులు ఆమె సూది పట్టుకుని, ఒక్క కుట్టూ వెయ్యకుండా పక్కన పెట్టేసేది. కొన్ని రోజులు అతను కుడుతూ కుడుతూ లేచి ఊరికే వీధి చివరిదాకా నడిచి వచ్చేవాడు. ధ్యానం క్లాసు ఆమె మానలేదు, వారానికి ఒక్కరోజుకు తగ్గించింది. ఆ ఒక్కరోజూ కోటుతాతే వచ్చి మిషను పక్కన కూర్చుని, పాతకాలపు పెళ్ళికొడుకుల పొట్టల కొలతలు చెప్పి అతన్ని నవ్వించేవాడు. ఇంట్లో మాటలు పెరిగాయి. పోట్లాటలూ పెరిగాయి. ఒక్కోసారి తింటూ తింటూ అతను, "అది ఉంటే ఈపాటికి..." అని మొదలుపెట్టేవాడు. మునుపైతే ఆమె లేచి వెళ్ళిపోయేది. ఇప్పుడు కూర్చుని, ఆ వాక్యాన్ని ఇద్దరూ కలిసి పూర్తి చేసేవారు.

మరుసటి ఏడు బళ్ళు తెరిచే ముందు రెండు జడల పిల్ల మళ్ళీ వచ్చింది. ఇప్పుడు ఒకటే జడ. పోయినేటి స్కర్టు మోకాలి పైకి పోయింది, చొక్కా గుండీలు లాగుతున్నాయి. "చూడక్కా, గుమ్మడితీగలా ఎలా సాగిందో!" అంది తల్లి మురిసిపోతూ.

టైలరు భార్య టేపు తీసుకుని పిల్ల ఛాతీ చుట్టూ తిప్పింది. అంకె చూసింది. రెండోసారి చూసింది. గుండీకి ఈ కొలత ఎన్నడూ తియ్యలేదు.

"ఎంత?" అన్నాడు అతను పుస్తకం పట్టుకుని.

ఆమె టేపు మీంచి వేలు తియ్యలేదు. అతను లేచి వచ్చి, ఆమె వేళ్ళ దగ్గర టేపును వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇరవై ఎనిమిది," అన్నాడు. వెళ్ళి రాసుకున్నాడు.

"తొందరగా అవ్వాలి," అంది పిల్ల. "సోమవారం నుంచే బడి."

"అయిపోతుందిలే," అంది ఆమె, టేపు విప్పి భుజం కొలత తీస్తూ. "అటు తిరుగు. నిటారుగా నిలబడు."